ఉద్యోగం వచ్చాక మొదలయ్యే చదువు: కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు, మంగళగిరి, తెనాలి చుట్టుపక్కల కాలేజీల్లో, ఆసుపత్రుల్లో, డీఅడిక్షన్ సెంటర్లలో, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే కౌన్సెలర్లూ సోషల్ వర్కర్లూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. వీలైనంతవరకు అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను. చట్టం చెప్పేదేదో, నా అభిప్రాయమేదో విడివిడిగా తెలిసేలా రాశాను.

ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) అయిపోయింది, ఉద్యోగమూ వచ్చింది. ఇంకా శిక్షణలు తీసుకోవాలని ఏ చట్టమైనా అడుగుతుందా మేడమ్?

మీ పేరు ఏ రిజిస్టర్లో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. క్లినికల్ సైకాలజిస్టులు, రిహాబిలిటేషన్ సైకాలజిస్టులు, రిహాబిలిటేషన్ రంగంలో పనిచేసే సోషల్ వర్కర్లు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దగ్గర నమోదు కావాలి. 1992 నాటి చట్టంతో వచ్చిన సంస్థ అది. మనవాళ్లు ఆర్‌సీఐ అంటారు. ఆ నమోదును ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. అందుకు సీఆర్‌ఈ (కంటిన్యూయింగ్ రిహాబిలిటేషన్ ఎడ్యుకేషన్, అంటే ఉద్యోగంలో ఉంటూ తీసుకునే శిక్షణ) పాయింట్లు కావాలి. ఏళ్లుగా నడుస్తున్న లెక్క ఐదేళ్లకు 100 పాయింట్లు. రెన్యువల్ దగ్గర పడ్డాక పరుగులు పెట్టేకంటే ఏడాదికి 20 చొప్పున కూడబెట్టుకోవడం తేలిక.

మిగతావాళ్ల సంగతి వేరు. సోషల్ వర్కర్లందరికీ కలిపి లైసెన్సు ఇచ్చే కౌన్సిల్ మన దేశంలో లేదు. ఎంఎస్‌డబ్ల్యూ చేసి స్వచ్ఛంద సంస్థలో చేరినవాళ్లు, ఎంఏ సైకాలజీ చేసి కాలేజీలో కౌన్సెలర్‌గా చేరినవాళ్లు ఆ రోజు తెలిసినదాంతోనే రిటైరయ్యేదాకా నెట్టుకొచ్చినా అడిగేవాళ్లుండరు. నాకు అన్నిటికంటే బెంగ ఇక్కడే. మందు మోతాదు తప్పితే నర్సో ఫార్మసిస్టో పట్టుకుంటారు. మనం మాట తప్పితే అది తలుపు వేసిన గదిలోనే ఉండిపోతుంది. ఆ మనిషి మళ్లీ రాడు, ఎందుకు రాలేదో మనకు తెలియదు.

2021లో కొత్త చట్టం వచ్చిందంటున్నారు. దానితో మాకేమైనా మారుతుందా?

నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం గురించి అడుగుతున్నారు. దాని షెడ్యూల్లో సైకాలజిస్టులు (ఆర్‌సీఐ పరిధిలోని క్లినికల్ సైకాలజిస్టులు మినహా), క్లినికల్, సైకియాట్రిక్, మెడికల్ సోషల్ వర్కర్లు, హెచ్‌ఐవీ కౌన్సెలర్లు, కుటుంబ నియంత్రణ కౌన్సెలర్లు, మానసిక ఆరోగ్య సహాయకులు ఉన్నారు. రాష్ట్రాల్లో కౌన్సిళ్లు, రిజిస్టర్లు ఈ చట్టం కిందే రావాలి. అవి వచ్చిన రోజున మొదట అడిగేది డిగ్రీ, ఆ తర్వాత శిక్షణల రుజువులు. సర్టిఫికెట్లు, హాజరు పత్రాలు, మీ పర్యవేక్షకుల సంతకాలు ఇప్పటినుంచే ఒక ఫైల్లో పెట్టుకోండి.

ఎంఫిల్ లేకుండా సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అని బోర్డు పెట్టుకోవచ్చా?

పెట్టుకోకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (అమల్లోకి వచ్చింది 2018 మే 29న) ఈ పేరుకు అర్థం రాసి పెట్టింది: సోషల్ వర్క్‌లో పీజీ, దానిపైన సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో రెండేళ్ల పూర్తికాలపు ఎంఫిల్, అందులో పర్యవేక్షణలో జరిగిన క్లినికల్ శిక్షణ. 2022 నిబంధనలతో యూజీసీ ఎంఫిల్‌ను ఆపేసింది. అయితే క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎంఫిల్‌లకు మాత్రం 2025-26 విద్యా సంవత్సరం వరకు ప్రవేశాలకు గడువిచ్చింది. ఇకపై ఏ కోర్సులో చేరాలన్నా ముందు ఆర్‌సీఐ, యూజీసీ నోటిఫికేషన్లు చూసుకుని ఫీజు కట్టండి.

అర్హత ఉన్నంతవరకే పేరు పెట్టుకోండి. ‘కౌన్సెలర్’ అని నిజాయితీగా రాసుకుని బాగా పనిచేసేవాళ్లంటే నాకు ఎంతో గౌరవం.

నేను దూరవిద్యలో ఎమ్మెస్సీ సైకాలజీ చేశాను. ఇక అది పనికిరాదా?

2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీతో సహా ఆరోగ్య రంగ కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ ఆపింది. అది కొత్త ప్రవేశాల గురించి. మీరు అంతకుముందే పూర్తిచేశారు కాబట్టి డిగ్రీ గురించి కంగారుపడకండి. కంగారుపడాల్సింది ఇంకో విషయం ఉంది: ఆ రెండేళ్లలో మీరు పేషెంటు ఎదుట కూర్చున్నది ఎంతసేపు, అప్పుడు మీ పక్కన ఎవరున్నారు? మన ప్రాంతంలో చాలామందికి దీని జవాబు ‘దాదాపు లేదు’ అనే వస్తుంది. ఆ లోటును పూడ్చే చదువే ఉద్యోగంలో చేరాక మీకు కావాల్సింది.

సీఆర్‌ఈ పాయింట్లు ఇచ్చే ప్రోగ్రాములు దగ్గర్లో ఎక్కడ దొరుకుతాయి?

సికింద్రాబాద్‌లో బోయిన్‌పల్లి వైపున్న, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ, దాని ఆధ్వర్యంలో నెల్లూరులో ఉన్న వికలాంగుల కాంపోజిట్ రీజనల్ సెంటర్. విజయవాడ స్టేషన్లో రైలెక్కితే ఒకటి ఇటు, ఒకటి అటు. ఆన్‌లైన్‌లోనూ జరుగుతుంటాయి. డబ్బు కట్టేముందు ఆ ప్రోగ్రాముకు ఆర్‌సీఐ అనుమతి ఉందా, మీ కేటగిరీకి పాయింట్లు వస్తాయా అని చూసుకోండి. అనుమతి పత్రం అడిగితే నిర్వాహకులు చూపించి తీరాలి. ‘అప్లై చేశాం, వచ్చేస్తుంది’ అంటే వచ్చాకే చేరండి.

డబ్బూ తక్కువే, టైమూ తక్కువే. ఒక్కటే చేయగలిగితే ఏం చేయమంటారు?

సూపర్‌విజన్. అంటే మీ కేసును మీకంటే అనుభవజ్ఞుల ముందు పెట్టి, మీరెలా పనిచేశారో వాళ్లతో చర్చించడం. దీని తర్వాతే ఏదైనా.

కోర్సులు మంచివే, వాటి గురించి కింద చెబుతాను. కానీ వినడం వేరు, చేయడం వేరు. తబలా నేర్చుకునే పిల్లవాడు ఎన్ని కచేరీలు విన్నా గురువు ముందు కూర్చుని వాయిస్తే తప్ప చేతి తప్పు బయటపడదు. మన పని కూడా అలాంటిదే. ఇంటర్ చదివే అమ్మాయి ‘నాకేం లేదండీ, నిద్ర పట్టట్లేదంతే’ అంటే మీరు నిద్ర గురించే మాట్లాడి పంపేశారనుకోండి. మీకంటే అనుభవజ్ఞులు ఆ సంభాషణ వింటే ‘ఆ మాట అన్నాక కాసేపు ఆగిందా? అప్పుడు మీరేం చేశారు? మీకేమైనా భయం వేసిందా?’ అని అడుగుతారు. ఈ మూడు ప్రశ్నలు ఏ వీడియోలోనూ మిమ్మల్ని ఎవరూ అడగరు.

నెలకు ఒక్కసారి, ఒక్క గంట, మీ కేసు ఒక్కటి. ఏడాది పాటు ఇది చేసినవాళ్లు, ఏడాదంతా సర్టిఫికెట్లు పోగేసినవాళ్లు పక్కపక్కన కూర్చుని పనిచేస్తుంటే తేడా నాకు కనిపిస్తుంది. మొదటివాళ్లు తక్కువ మాట్లాడతారు. సలహా ఇవ్వడానికి తొందరపడరు. తమ వల్ల కానిదాన్ని త్వరగా గుర్తించి డాక్టరు దగ్గరికి పంపిస్తారు.

సూపర్‌విజన్ అంటే ప్రాజెక్ట్ కోఆర్డినేటర్‌కి నెలవారీ రిపోర్టు ఇవ్వడమే కదా?

కాదండీ. ఆ రిపోర్టులో ఎంతమంది వచ్చారు, ఎన్ని ఇళ్లకు వెళ్లాం, ఎన్ని మీటింగులు పెట్టాం అని ఉంటుంది. అది లెక్కల పని, అదీ అవసరమే. నేను చెప్పే సూపర్‌విజన్లో మీ జీతం, మీ రెన్యువల్ చేతిలో లేని మనిషి ఉండాలి. కాంట్రాక్టు పొడిగించే అధికారి ముందు ‘ఆయన తాగొచ్చి అరిచినప్పుడు నాకు చేతులు వణికాయి, ఏం మాట్లాడానో నాకే గుర్తులేదు’ అని ఎవరు చెప్పగలరు? పై అధికారే సూపర్‌వైజర్ అయితే అందరూ గెలిచిన కేసులే చెబుతారు. నేర్పేవి ఓడిన కేసులు.

వెళ్లేటప్పుడు కేసు చరిత్ర మొత్తం పట్టుకెళ్లకండి. సెషన్లో మీరు ఇరుక్కున్న పది నిమిషాలు రాసుకెళ్లండి. పేషెంటు ఏమన్నారు, మీరేమన్నారు, మీ లోపల ఏం జరిగింది. సంభాషణ ఏ భాషలో నడిచిందో ఆ భాషలోనే రాయండి. ఇంగ్లీషులోకి మార్చి రాస్తే పేషెంటు గొంతు పోయి కేస్ షీటు మిగులుతుంది.

అలాంటి పెద్దవాళ్లు మన ఊళ్లో ఎక్కడున్నారండీ?

ఉన్నారు, వెతకాలి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి, విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్ మూడింటిలోనూ సైకియాట్రీ విభాగాలున్నాయి. విభాగాధిపతికి ఒక పేజీ ఉత్తరం రాసి, కేస్ కాన్ఫరెన్సులో కూర్చోనివ్వమని అడగండి. కుదరదంటే ఫలానా కేసును రిఫర్ చేసినప్పుడు మీరూ వెంట వెళ్లి, డాక్టరు ఎలా అడుగుతున్నారో చూసే వీలు కల్పించమని అడగండి. రెండోదానికి కాదనేవాళ్లు తక్కువ.

దూరంనుంచైతే నిమ్హాన్స్. బెంగళూరులోని ఆ జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ ఎకో పద్ధతిలో ఆన్‌లైన్ కేస్ చర్చలు నడుపుతుంది. 2003లో అమెరికాలోని న్యూ మెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా హెపటైటిస్ సి పేషెంట్ల కోసం మొదలుపెట్టిన పద్ధతి ఇది. మారుమూల డాక్టర్లు తమ కేసులు తెస్తారు, నిపుణులూ తోటివాళ్లూ కలిసి చర్చిస్తారు, పేషెంటు ఊరు దాటాల్సిన పని ఉండదు. మన పనికి ఇంతకంటే సరిపోయే పద్ధతి నాకు కనబడలేదు.

తోటి కౌన్సెలర్లం కలిసి ఒక గ్రూపు పెట్టుకుందామనుకుంటున్నాం. ఎలా నడపాలి?

వెంటనే పెట్టుకోండి. ఆరుగురు చాలు, పదిమంది దాటితే మాట్లాడనివాళ్లు మిగిలిపోతారు. నెలలో ఒక ఆదివారం, తలుపు వేసుకునే వీలున్న గది. బ్రాడీపేటలో ఎవరి క్లినిక్కైనా సరే, బెంజ్ సర్కిల్ దగ్గర ఎవరి ఆఫీసైనా సరే, హోటల్ మాత్రం వద్దు. ఒకసారికి ఒకే కేసు. చెప్పేవాళ్లు ముందుగా ‘నాకు ఇక్కడ సాయం కావాలి’ అని ఒక్క వాక్యంలో చెప్పాలి. వినేవాళ్లు మొదట ప్రశ్నలు మాత్రమే అడగాలి. సలహాలు చివరి పావుగంటకే పరిమితం. ఈ నియమం లేకపోతే మనవాళ్ల మంచితనమే అడ్డుపడుతుంది, మొదటి నిమిషం నుంచే అందరూ పరిష్కారాలు చెప్పడం మొదలుపెడతారు.

రెండు మూడు నెలలకోసారి ఒక సైకియాట్రిస్టునో, ఎంఫిల్ చేసినవాళ్లనో పిలవండి. తోటివాళ్లంతా ఒకే తప్పు చేస్తుంటే గ్రూపులో ఎవరికీ అది తప్పనిపించదు. బయటి కన్ను అందుకు కావాలి.

కేసు గురించి అలా మాట్లాడుకుంటే రహస్యం బయటపడదా?

జాగ్రత్త పడకపోతే పడుతుంది. మన ఊళ్లు ఎంత పెద్దవైనా ‘అరండల్‌పేటలో మెడికల్ షాపు ఆయన కోడలు’ అంటే గుర్తుపట్టేవాళ్లు గదిలో ఒకరైనా ఉంటారు. పేరు, పేట, కులం, వృత్తి, కాలేజీ తీసేయండి లేదా మార్చేయండి. వయసు దగ్గరగా చెబితే చాలు. పేషెంటుతో మొదటి రోజే ‘మీకు మెరుగ్గా సాయం చేయడానికి మా పెద్దవాళ్ల సలహా తీసుకుంటాను, మీ పేరు చెప్పను’ అని చెప్పి ఒప్పుకోలు తీసుకోండి.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను పేషెంటు హక్కుగా చెప్పింది. చికిత్స కోసం ఇతర నిపుణులకు చెప్పడం, ఎవరి ప్రాణానికైనా ముప్పు తప్పించడం వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. వాట్సాప్ గ్రూపులో కేసు వివరాలు పెట్టడం ఆ మినహాయింపుల్లోకి రాదు. కేస్ షీటు ఫొటో అసలే పెట్టకండి.

ఖర్చు లేకుండా ఆన్‌లైన్‌లో ఏం నేర్చుకోవచ్చు?

నిమ్హాన్స్ డిజిటల్ అకాడమీ 2018లో మొదలైంది. డాక్టర్లకు, సైకాలజిస్టులకు, సోషల్ వర్కర్లకు, నర్సులకు విడివిడిగా కోర్సులున్నాయి. కొన్నిటికి ఫీజు ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్లో సైకాలజీ, సోషల్ వర్క్ పాఠాలు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే రుసుము. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్వాలిటీరైట్స్ శిక్షణ ఉచితం, పేషెంటు హక్కుల గురించి దానంత స్పష్టంగా చెప్పేది అరుదు. అదే సంస్థ ఎంహెచ్‌గ్యాప్ గైడు స్పెషలిస్టులు లేనిచోట ఏం చేయాలో మెట్టు మెట్టుగా చెబుతుంది. ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్ అనే ఐదు సెషన్ల పద్ధతి పుస్తకం కూడా ఉచితంగా దొరుకుతుంది. కుంగుబాటు కొలిచే పీహెచ్‌క్యూ-9 తెలుగులోనే ఉంది.

హోటల్లో రెండు రోజుల వర్క్‌షాప్, ‘ఇంటర్నేషనల్ సర్టిఫైడ్ థెరపిస్ట్’ సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. చేరమంటారా?

వద్దు. రెండు రోజుల్లో ఒక పద్ధతిని పరిచయం చేయగలరు, థెరపిస్టును తయారుచేయలేరు. మంచి వర్క్‌షాప్ నడిపేవాళ్లు ఆ మాట తామే చెబుతారు. నేర్పేవాళ్లు ఇప్పటికీ పేషెంట్లను చూస్తున్నారా, మీ చేత రోల్‌ప్లే చేయించి తప్పులు చెబుతారా, తర్వాత మూడు నాలుగు నెలలు మీ కేసులు వింటారా అని అడగండి. మూడోదానికి ‘అవును’ అంటే ఫీజు కాస్త ఎక్కువైనా చేరొచ్చు. ఒకే పద్ధతి అన్ని జబ్బులకూ పనిచేస్తుందనేవాళ్ల దగ్గరికి, మందులు మాన్పించేస్తామనేవాళ్ల దగ్గరికి అసలు వెళ్లకండి.

నేర్చుకోవాల్సినవి బోలెడున్నాయి. మన జిల్లాల్లో పనిచేసేవాళ్లు మొదట ఏం నేర్చుకోవాలి?

ఆత్మహత్య ఆలోచనల గురించి అడగడం. సూటిగా, ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం చాలామందిని వెనక్కి లాగుతుంది. అడిగినందువల్ల ఆలోచన పుట్టదు. అడిగినందుకు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. ఈ ఒక్క ప్రశ్న నోటికి అలవాటయ్యేదాకా తోటివాళ్లతో సాధన చేయండి. చదివినవాళ్లు సైతం అసలు మనిషి ఎదురుగా ఉన్నప్పుడు ‘అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?’ అని అడిగేస్తారు. అలా అడిగితే ‘లేవండీ’ అన్న జవాబే వస్తుంది.

దాని వెంటనే నేర్చుకోవాల్సింది సేఫ్టీ ప్లాన్. ఆలోచన ముదిరేముందు కనిపించే గుర్తులేమిటి, అప్పుడు తనంతట తాను ఏం చేయగలరు, ఎవరికి ఫోన్ చేస్తారు, ఏ ఆసుపత్రికి వెళతారు అని పేషెంటుతో కలిసి, వాళ్ల మాటల్లోనే ఒక కాగితం మీద రాయడం. పత్తి, మిర్చి పండే మన పల్లెల్లో ఇందులో మరో ప్రశ్న తప్పనిసరి: ‘ఇంట్లో పురుగుమందు ఎక్కడ పెడతారు?’ క్షణికావేశంలో చేతికి అందేదాన్ని దూరం చేస్తే ఆ క్షణం గడిచిపోతుంది. శ్రీలంకలో ఆత్మహత్యలు 1995 ప్రాంతంలో పతాక స్థాయికి చేరాయి. అతి ప్రమాదకరమైన పురుగుమందులను ఒకదాని వెంట ఒకటి నిషేధించుకుంటూ పోయారు, రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. నిషేధం మన చేతిలో లేదు. డబ్బా చేలోనే తాళం వేసి పెట్టమని, లేదా అన్నదమ్ముల ఇంట్లో పెట్టమని కుటుంబంతో మాట్లాడటం మన చేతిలో ఉంది.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వం సంరక్షణ ఇవ్వాలి. ‘పోలీసు కేసవుతుందని ఆసుపత్రికి తీసుకురాలేదండీ’ అనే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ భయం తీర్చాల్సింది మనమే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు. మీ దగ్గరికొచ్చే ప్రతి ఒక్కరి ఫోన్లో ఆ నంబరు సేవ్ చేయించండి.

నేను కార్పొరేట్ జూనియర్ కాలేజీలో కౌన్సెలర్ని. మాకు ప్రత్యేకంగా ఏమైనా ఉందా?

ఉంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ హాస్టల్లో ఉండి చనిపోయిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందినట్టు చూపించగలిగే కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ ఒక్కరైనా ఉండాలి. ‘చూపించగలిగే’ శిక్షణ అంటే ఇంటర్ పిల్లలతో పనిచేసే మీరు ఈ అంశం మీదే కోర్సు చేసి ఉండటం మంచిది. బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ జరగాలని కూడా కోర్టు చెప్పింది. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడదీయడం మానాలని చెప్పింది. ఆ తీర్పు ప్రతి తీసుకెళ్లి ప్రిన్సిపల్ గారి టేబుల్ మీద పెట్టండి. శిక్షణకు సెలవు, ఖర్చు అడగడానికి మీకు ఇంతకంటే గట్టి ఆధారం దొరకదు.

వార్డెన్లను, వంటమనుషులను, వాచ్‌మన్‌లను ఆ శిక్షణలో మర్చిపోవద్దు. రెండు రోజులుగా అన్నం తినని పిల్లను మొదట చూసేది మెస్‌లో వడ్డించే ఆమే.

పదహారేళ్ల అమ్మాయి నాతో లైంగిక వేధింపు గురించి చెప్పి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఏం చేయాలి?

ఒట్టు వేయకూడదు. పోక్సో చట్టం, 2012లోని 19వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు గానీ ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ చెప్పి తీరాలి. కౌన్సెలర్‌కి మినహాయింపు లేదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, జరిమానా, లేదా రెండూ. అందుకే ప్రతి పిల్లతో, పిల్లవాడితో మొదటి కలయికలోనే ‘నువ్వు చెప్పేవి నా దగ్గరే ఉంటాయి, నీకు ప్రమాదం ఉంటే మాత్రం కాపాడేవాళ్లకు చెబుతాను’ అని ముందే చెప్పాలి. చెప్పాల్సిన రోజు వస్తే పిల్లకు ముందు తెలియజేసి, పక్కన ఉండి, కేసు నడిచినంతకాలం పిల్లకు తోడుగా నియమించే సహాయక వ్యక్తి వచ్చేదాకా చేయి వదలకుండా ఉండటం నేర్చుకోవాలి. పోక్సో గురించి సగం రోజు శిక్షణలో సెక్షన్లు చెప్పి వదిలేస్తారు. ఈ సంభాషణ ఎలా చేయాలో రోల్‌ప్లేలో నేర్పమని పట్టుబట్టండి. చైల్డ్‌లైన్ 1098.

డీఅడిక్షన్ సెంటర్లో చేరాను. దేంతో మొదలుపెట్టాలి?

మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్‌తో, అంటే మారాలన్న కోరిక ఆ మనిషి నోటినుంచే వచ్చేలా మాట్లాడే పద్ధతితో. ‘తాగితే చస్తావు’ అనే ఉపన్యాసం ఆ మనిషి ఇంట్లో రోజూ విన్నదే. తాగుడు ఎంత ముదిరిందో కొలిచే ప్రపంచ ఆరోగ్య సంస్థ పది ప్రశ్నల ఆడిట్ స్కేలు వాడటం కూడా నేర్చుకోండి. అంతకంటే ముందు తాగుడు ఒక్కసారిగా ఆపినప్పుడు వచ్చే ప్రమాదం తెలుసుకోండి. ఏళ్లుగా బాగా తాగేవాళ్లు హఠాత్తుగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనిపించి ప్రాణం మీదికి రావచ్చు. మాల వేసుకుని మానేస్తానన్నా, ఒట్టేసి మానేస్తానన్నా ముందు డాక్టరు దగ్గరికి పంపండి. ఇది కౌన్సెలింగ్‌తో ఆగేది కాదు.

బుడమేరు వరదలప్పుడు మాకేం చేయాలో తోచలేదు. దానికి శిక్షణ ఉందా?

ఉంది, చిన్నదే. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీళ్లలో ఉన్నప్పుడు మంచి మనసుతో వెళ్లి ‘ఏం జరిగిందో మొత్తం చెప్పండి, మనసు తేలికపడుతుంది’ అన్నవాళ్లున్నారు. అలా బలవంతంగా చెప్పించడం మేలు చేయదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దంటుంది. సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్ నేర్పేది వేరు: చుట్టూ చూడటం, వాళ్లు చెప్పుకున్నంతే వినడం, కావాల్సినవాళ్లతో కలపడం. తాగునీళ్లు, మందులు, తప్పిపోయినవాళ్ల ఆచూకీ మొదట. మతిమరుపుకో, ఫిట్స్‌కో, స్కిజోఫ్రీనియాకో రోజూ మందులు వేసుకునేవాళ్ల బిళ్లలు నీళ్లలో కొట్టుకుపోయాయా అని అడగడం కూడా మన పనే. 2011లో వచ్చిన ఆ గైడు ఒక్క రోజులో చదివేయొచ్చు, వానాకాలానికి ముందు ఒకసారి గ్రూపులో తిరగేయండి.

మా దగ్గరికొచ్చే కుటుంబాలు ముందు దర్గాకో, మంత్రం వేసేవాళ్ల దగ్గరికో వెళ్లొస్తాయి. ఇలాంటివి ఎక్కడ నేర్పుతారు?

వాళ్ల నమ్మకాన్ని ఎగతాళి చేస్తే ఆ కుటుంబం మళ్లీ రాదు, మందూ ఆగిపోతుంది. మొక్కు మొక్కుకోండి, బిళ్ల మానకండి అనొచ్చు. గీత ఎక్కడ గీయాలో మాత్రం స్పష్టంగా తెలిసి ఉండాలి: కట్టేయడం, కొట్టడం, తిండి మాన్పించడం. తమిళనాడులోని ఎర్వాడి దర్గా దగ్గర మానసిక రోగులను ఉంచిన చోట 2001 ఆగస్టు 6న మంటలు లేచినప్పుడు గొలుసులతో ఉన్నవాళ్లు పారిపోలేకపోయారు, 28 మంది చనిపోయారు. 2017 చట్టం 95వ సెక్షన్ గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. క్వాలిటీరైట్స్ కోర్సు ఇక్కడే అక్కరకొస్తుంది.

శిక్షణకు వెళ్లడానికి మా ఆఫీసులో సెలవు ఇవ్వట్లేదు.

రాతపూర్వకంగా అడగండి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో ఉన్నవాళ్లు జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ) గారికి ఆహ్వాన పత్రం జతచేసి ఆన్ డ్యూటీ కోరండి. తిరిగొచ్చాక మిగతా సిబ్బందికి గంటసేపు చెబుతానని ఆ ఉత్తరంలోనే రాయండి.

వినీ వినీ ఇంటికెళ్లాక నిద్ర పట్టట్లేదు. ఇది కూడా శిక్షణలోకి వస్తుందా?

వస్తుంది, రావాలి. రోజంతా ఇతరుల బాధ వినేవాళ్లకు ఆ బాధ ఇంటిదాకా వస్తుంది. ఇంట్లో పిల్లల మీద చిరాకు పడటం, ఫలానా కేసు వస్తుందంటే కడుపులో తిప్పడం, ఎవరేం చెప్పినా ఏమీ అనిపించకపోవడం గుర్తులు. సూపర్‌విజన్లో మొదట చెప్పాల్సినవి ఇవే. ఒక పేషెంటు ఆత్మహత్య చేసుకుంటే ఆ వారంలోనే, నెలవారీ తేదీ కోసం ఆగకుండా, ఎవరితోనైనా కూర్చోండి. అవసరమైతే మీరూ ఒక థెరపిస్టు దగ్గరికి వెళ్లండి. ఊళ్లో అందరూ తెలిసినవాళ్లే అనుకుంటే వేరే ఊరివాళ్లతో ఫోన్లో మాట్లాడండి. 14416 మీక్కూడా పనిచేస్తుంది.

మా చెల్లెలు అమెరికా వెళుతోంది. ఇక్కడ చేసిన శిక్షణలు అక్కడ లెక్కలోకి వస్తాయా?

వాటంతటవే రావు. అక్కడ లైసెన్సు రాష్ట్రానిది, నియమాలూ రాష్ట్రానివే. కాలిఫోర్నియాలో క్లినికల్ సోషల్ వర్కర్లు రెండేళ్లకు 36 గంటలు, టెక్సస్‌లో 30 గంటలు చూపించాలి. ఆ గంటలు ఎవరి దగ్గర చేస్తే చెల్లుతాయో ఆ రాష్ట్ర బోర్డే చెబుతుంది. చాలా బోర్డులు సోషల్ వర్క్ బోర్డుల సంఘం ఏఎస్‌డబ్ల్యూబీ ఆమోదించిన సంస్థల కోర్సులను ఒప్పుకుంటాయి. అంతకంటే ముందు మన ఎంఎస్‌డబ్ల్యూ అక్కడి డిగ్రీకి సమానమని సీఎస్‌డబ్ల్యూఈ అనే సోషల్ వర్క్ విద్యా మండలి దగ్గర మదింపు చేయించుకోవాలి. అందుకు మార్కుల జాబితాలు, సిలబస్ కాగితాలు, ఫీల్డ్‌వర్క్ గంటల రుజువు సిద్ధంగా ఉండటం మంచిది. నాగార్జున యూనివర్సిటీ అయినా మరో యూనివర్సిటీ అయినా, ఫీల్డ్‌వర్క్ గంటలు రాసిన పత్రం మీద సంతకం, ముద్ర ఇక్కడ ఉన్నప్పుడే వేయించుకోమనండి. అక్కడికి వెళ్లాక ఇక్కడివాళ్లను పట్టుకోవడం చాలా కష్టం.